‘చెప్తే వినరు’ అనేముందు

ప్రజారోగ్యంలో పనిచేసేవాళ్ళ దగ్గర కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినపడుతుంది: "ఎంత చెప్పినా వినరండీ జనం." తీపి తగ్గించమంటే తగ్గించరు. సిగరెట్ మానమంటే మానరు. ఇంటి చుట్టూ నీళ్ళు నిలవనివ్వద్దంటే తలాడించి ఊరుకుంటారు. పరీక్ష చేయించుకోమంటే వచ్చే నెల చూద్దాం అంటారు. ఆ విసుగులో అబద్ధం లేదు. కానీ చెప్పడంతో తమ పని అయిపోయిందని అనుకున్నంతకాలం అది తీరే విసుగు కాదు. తెలిసి కూడా మనిషి ఒక పని ఎందుకు చెయ్యడు, వద్దనుకుంటూనే ఇంకో పని ఎందుకు చేస్తాడు అని పరిశీలించే ప్రవర్తనా శాస్త్రం ప్రజారోగ్యంలోకి అడుగుపెట్టింది సరిగ్గా ఇక్కడే.

ఆ శాస్త్రం ఎంతవరకు పనికొచ్చింది, ఎక్కడ బోల్తా పడింది, ఎక్కడ దాన్ని అడ్డం పెట్టుకుని అసలు పని ఎగ్గొట్టారు అన్నది తేల్చుకోవాలంటే మలేషియాను చూడాలి. ప్రభుత్వ క్లినిక్‌లో ఒక్క రింగిట్ కట్టి డాక్టరుకు చూపించుకోగల దేశం అది. కాబట్టి వైద్యం అందుబాటులో లేదన్న ఒక్క కారణంతో అన్నిటినీ సరిపెట్టెయ్యడానికి వీల్లేదు. ప్రచారాలకూ కొదవ లేదు. అయినా ఆ దేశపు జాతీయ ఆరోగ్య సర్వేలు వరసగా చెబుతూ వచ్చిన సంగతి ఇది: పెద్దవాళ్ళలో మధుమేహం 2006లో 11.6 శాతం, 2011లో 15.2, 2015లో 17.5, 2019లో 18.3. 2023 సర్వేలో 15.6కి తగ్గింది గానీ, అదే సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్ళు సగం దాటి 54.4 శాతానికి చేరారు. 2019లో పళ్ళూ కూరగాయలూ చాలినంత తిననివాళ్ళు 95 శాతం. నూటికి తొంభై అయిదుమంది చేస్తున్నదాన్ని ఒక్కొక్కరి క్రమశిక్షణా లోపం అని ఎలా అంటాం?

సిద్ధాంతం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. 2008లో రిచర్డ్ థేలర్, కాస్ సన్‌స్టీన్ రాసిన ‘నడ్జ్’ (బలవంతం లేకుండా మెల్లగా ఒక వైపు నెట్టడం) పుస్తకంతో ఈ ఆలోచన ప్రభుత్వాల దాకా పాకింది. బ్రిటన్ 2010లో ప్రత్యేక విభాగమే పెట్టింది. మన నీతి ఆయోగ్ 2019లో అలాంటిదే ఏర్పాటు చేసుకుంది. 2023 మేలో ప్రపంచ ఆరోగ్య సభ దీనిమీద ఒక తీర్మానం చేసింది. నాకు వీటన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించేది 2011లో సూసన్ మిచీ, ఆమె సహచరులు ప్రతిపాదించిన చట్రం. ఒక పని జరగాలంటే మనిషికి మూడు ఉండాలంటారు వాళ్ళు: చెయ్యగల సామర్థ్యం, చెయ్యడానికి అవకాశం, చెయ్యాలనే కోరిక. ప్రచారాలు చాలావరకు మూడోదాన్నే పట్టుకుని వేలాడతాయి. మలేషియాలో ఏ ప్రయత్నం గెలిచిందో, ఏది ఓడిందో చూస్తే చాలాచోట్ల తేడా రెండోదాని దగ్గర, అంటే అవకాశం దగ్గర కనిపిస్తుంది. మలేషియా ఆరోగ్య శాఖ కింద ఆరోగ్య ప్రవర్తన మీద పరిశోధన కోసమే ఒక సంస్థ ఉంది. చాలా దేశాలకు ఇలాంటి సొంత సంస్థ లేదు.

డెంగ్యూతో మొదలుపెడదాం, ఎందుకంటే ఈ పద్ధతికి అక్కడ తొలి పెద్ద పరీక్ష అదే. 2001లో జొహోర్ బహ్రు జిల్లాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో ‘కాంబి’ అనే పద్ధతిని ప్రయోగించారు. దాని వెనక ఉన్నది ఎవరాల్డ్ హొసేన్ అనే నిపుణుడు. ఆయన పెట్టిన మొదటి నిబంధన విచిత్రంగా ఉంటుంది: ఎవరు, ఏ పని, ఎప్పుడు చెయ్యాలో ఖచ్చితంగా తేల్చుకునేదాకా ఒక్క పోస్టరు వెయ్యకూడదు, ఒక్క కరపత్రం పంచకూడదు, ఒక్క టీషర్టు కుట్టించకూడదు. ప్రభుత్వ కార్యాలయాల్లో ముందు పోస్టరు వేసి, తర్వాత ఉద్దేశం వెతుక్కునే అలవాటు తెలిసినవాళ్ళకు ఈ నిబంధన విలువ అర్థమవుతుంది.

జొహోర్ బహ్రులో వాళ్ళు కోరినవి రెండే పనులు. ప్రతి ఆదివారం అరగంట ఇల్లూ వాకిలీ తిరిగి దోమ పిల్లలున్నాయేమో చూడాలి. జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకుండా క్లినిక్‌కి వెళ్ళాలి. ఆదివారమే ఎందుకు, వారానికోసారే ఎందుకు? ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దశకు చేరడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్ళు పారబోస్తే ఆ చక్రం తెగిపోతుంది. ‘పరిసరాలను పరిశుభ్రంగా ఉంచుకోండి’ అనేదానికీ, ‘ఆదివారం పొద్దున అరగంట పూలకుండీల కింద పళ్ళేలు, బాత్రూం తొట్టి, పెరట్లో పాత టైరు చూడండి’ అనేదానికీ ఉన్న దూరం ఇదే. మొదటిది ఎవరూ కాదనరు, ఎవరూ చెయ్యరు. రెండోది చేశామో లేదో చేసినవాడికి తెలుస్తుంది. ఆరువందల పైచిలుకు వాలంటీర్లు బృందాలుగా ఏర్పడి ఇరుగుపొరుగు ఇళ్ళూ ఖాళీ స్థలాలూ తిరిగారు. ప్రచారం ముగిశాక వాకబు చేస్తే 70 శాతం మంది ఇంకా ఇల్లు చూసుకుంటూనే ఉన్నారని తేలింది. ఆ తర్వాత కాంబి బృందాలు దేశమంతటా వచ్చాయి.

మరి డెంగ్యూ తగ్గిందా? లేదు. 2019లో మలేషియా అప్పటిదాకా చూడనన్ని కేసులు, 1,30,101 నమోదయ్యాయి. 182 మంది చనిపోయారు. 2023లో మళ్ళీ లక్షా ఇరవై మూడు వేలు దాటాయి. వైరస్ రకాలు మారడం, పట్టణాలు కిక్కిరిసిపోవడం దీనికి కొంత కారణం. కానీ ఇంకొకటి ఉంది. ఇంట్లో పూలకుండీ చూసుకునే ఇల్లాలి చేతిలో పక్కనున్న నిర్మాణ స్థలం లేదు. అక్కడ వానకు నిండిన గుంటలూ లిఫ్టు గొయ్యీ ఆమె చూడలేదు, చూసినా పారబొయ్యలేదు. కాంట్రాక్టరు ప్రవర్తన కూడా ప్రవర్తనే. దాన్ని మార్చడానికి 1975 నాటి కీటక నిర్మూలన చట్టం ఉంది, జరిమానాలున్నాయి. ఆదివారం తనిఖీ ఇంటివాళ్ళకు మాత్రమే వర్తించే నియమం అయిపోయినచోట దోమకు పక్క స్థలంలో కావలసినంత చోటు దొరికింది. 2017 నుంచి, డెంగ్యూ వైరస్‌ను అణిచే వోల్బాకియా బాక్టీరియా ఉన్న దోమలను వదిలే ప్రయోగాలు మలేషియాలో మొదలయ్యాయి. వదిలినచోట డెంగ్యూ సుమారు 40 శాతం తగ్గిందని 2019లో ప్రచురించిన అధ్యయనం చెప్పింది. ఇంటివాళ్ళు ఏ అలవాటూ మార్చుకోనక్కర్లేని ఉపాయం అది. ప్రవర్తనా శాస్త్రం మీద నమ్మకం ఉన్నవాళ్ళు ఈ పోలికకు చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మనిషి మీద భారం ఎంత తక్కువ మోపితే అంత మంచిదని ఆ శాస్త్రం చెప్పేదీ అదే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రయత్నం గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సరును ముందే పసిగట్టే పాప్‌స్మియర్ పరీక్ష మలేషియాలో 1960ల చివరి నుంచీ ఉంది. ఉచితంగానో దాదాపు ఉచితంగానో దొరుకుతుంది. అయినా ఆడవాళ్ళు రారు. దశాబ్దాల పాటు దీనికి చెప్పుకున్న కారణం ‘అవగాహన లేకపోవడం’. మలయా విశ్వవిద్యాలయానికి చెందిన స్త్రీ వ్యాధుల వైద్యురాలు వూ యిన్ లింగ్, ఆమె బృందం ఇంకో రకంగా ఆలోచించారు. పరీక్ష బల్ల మీద పడుకుని, కాళ్ళు ఎడం చేసి, ముక్కూమొహం తెలియని మనిషి ముందు ఉండవలసిన ఆ పరిస్థితే అసలు అడ్డంకి అయితే? ఒకసారి వచ్చినామె ఫలితం కోసం మళ్ళీ రావలసి రావడం రెండో అడ్డంకి అయితే?

అలా 2018లో ‘రోజ్’ కార్యక్రమం ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆస్ట్రేలియా సంస్థ ఒకటి చేయి కలిపింది. క్లినిక్‌కి వేరే పని మీద వచ్చిన ఆమెను నర్సు అడుగుతుంది: పరీక్ష చేసుకుంటారా? ఒప్పుకుంటే ఫోన్ నంబరు నమోదు చేసి, మూత ఉన్న గొట్టంలో ఒక పొడవాటి స్వాబ్ ఇస్తారు. ఆమె తెర వెనక్కో బాత్రూంలోకో వెళ్ళి, బట్టలు పూర్తిగా విప్పే పని లేకుండా, తన చేత్తో తానే నమూనా తీసుకుని, గొట్టంలో పెట్టి తెచ్చి ఇస్తుంది. కొద్ది నిమిషాల పని. ఈ క్యాన్సరుకు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో ల్యాబ్‌లో చూసి, ఫలితం ఆమె ఫోన్‌కే పంపుతారు. లేదంటే నిశ్చింత. ఉందంటే ఎక్కడికి ఎప్పుడు వెళ్ళాలో ఫోన్ చేసి చెబుతారు, వెళ్ళిందో లేదో కనుక్కుంటారు. తొలి ప్రయోగంలో నాలుగు వేల పైచిలుకు మహిళలు పాల్గొన్నారు. దాదాపు అందరూ ఇది తమకు నచ్చిందన్నారు. వైరస్ ఉన్నట్టు తేలినవాళ్ళలో అత్యధికులు తర్వాతి పరీక్షకు వెళ్ళారు. పాత పద్ధతిలో జారిపోయేది ఈ రెండో మెట్టు దగ్గరే.

ఇందులో మహిళకు కొత్తగా చెప్పిన విషయం ఏమీ లేదు. క్యాన్సర్ భయంకరమైనదని ఆమెకు ముందే తెలుసు. మారింది పరీక్ష. సిగ్గును అజ్ఞానంగా లెక్కగట్టకుండా, సిగ్గుపడే మనిషికి తగ్గట్టు ఏర్పాటు చేశారు. మన ఇళ్ళలో అమ్మలూ అత్తలూ ఏళ్ళ తరబడి ఇలాంటి బాధలు ఎవరికీ చెప్పుకోకుండా దాచుకోవడం చూసిన ఎవరికైనా దీని బరువు తెలుస్తుంది. ఇదే క్యాన్సరు మీద మలేషియా ఇంకో చోట కూడా చక్కగా గెలిచింది. 2010 నుంచి పదమూడేళ్ళ బాలికలకు హెచ్‌పీవీ టీకా బడిలోనే వేస్తున్నారు. చాలా ఏళ్ళపాటు 80 శాతానికి పైగా బాలికలు మొత్తం మోతాదులు పూర్తి చేశారు. తల్లిదండ్రులు సెలవు పెట్టి ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. ఒప్పుకుంటూ ఒక సంతకం చేస్తే చాలు.

టీకాల సంగతి వచ్చింది కాబట్టి 2021 నాటి ఒక ఉదంతం. కోవిడ్ టీకా ఏ రోజు ఎక్కడ వేయించుకోవాలో మైసెజహ్తెరా యాప్ ద్వారా ప్రభుత్వమే నిర్ణయించి పంపేది. రక్తం గడ్డకడుతుందన్న వార్తలతో ఆస్ట్రాజెనెకా అంటే జనం హడలిపోయారు. అప్పుడు టీకా కార్యక్రమం చూస్తున్న మంత్రి ఖైరీ జమాలుద్దీన్ ఏప్రిల్ చివర్లో ఒక నిర్ణయం ప్రకటించారు. ఆ టీకాను మామూలు వరస నుంచి తప్పిస్తున్నాం, కావలసినవాళ్ళు మాత్రం ప్రత్యేక కేంద్రాలకు తామే పేరు నమోదు చేసుకోవచ్చు, ముందొచ్చినవారికి ముందు. మే 2న కౌలాలంపూర్, సెలంగోర్లలో రెండున్నర లక్షలకు పైగా స్లాట్లు కొన్ని గంటల్లోనే నిండిపోయాయి. పేరు దొరకనివాళ్ళు గోల పెట్టారు. టీకా అదే, భయమూ అదే. నీకు ఇది వేస్తాం అన్నప్పుడు వెనక్కి తగ్గిన జనం, కావాలంటే తీసుకో అన్నప్పుడు ఎగబడ్డారు. భయపడేవాళ్ళ భయాన్ని తిట్టకుండా, భయపడనివాళ్ళకు దారి వదలడం వల్ల జరిగింది ఇది. అయితే ఇంటర్నెట్ వేగం, ఖాళీ సమయం ఉన్న పట్టణ వాసులకే ఆ స్లాట్లు ఎక్కువగా చిక్కే అవకాశం ఉందన్నది కూడా మరవకూడదు. పెద్దవాళ్ళలో 95 శాతానికి పైగా టీకా వేయించుకున్న దేశంగా మలేషియా నిలిచింది మాత్రం ముందుగా తేదీ, చోటు రాసి పంపే పద్ధతి వల్లేనని నా అభిప్రాయం.

ఇక తీపి. మలేషియాలో ఏ వేళకైనా తెరిచి ఉండే మమక్ హోటళ్ళు ఆ దేశపు నట్టిల్లు లాంటివి. తమిళ ముస్లింలు మొదలుపెట్టిన ఈ హోటళ్ళలో మలయులు, చైనీయులు, భారతీయులు పక్కపక్కనే కూర్చుంటారు. అక్కడ టీ కలిపే అతన్ని చూడండి. గాజు గ్లాసు అడుగున తియ్యటి డబ్బాపాలు గరిటెడు పడతాయి. చిక్కటి డికాక్షన్ పడుతుంది. రెండు మగ్గుల మధ్య బారెడు పొడవున టీ సాగి నురగ కడుతుంది. అది తె తారిక్. ఏమీ చెప్పకపోతే వచ్చేది ఇదే. తీపి తక్కువ కావాలంటే ‘కురాంగ్ మానిస్’ అనాలి. పాలు లేకుండా కావాలంటే ‘తె ఓ’. పంచదార కూడా వద్దంటే ‘తె ఓ కొసోంగ్’. పాలు ఉండాలి, తీపి ఉండకూడదు అంటే చక్కెర కలపని డబ్బాపాలతో చేసే ‘తె సి కొసోంగ్’ అని ఒకటుందని తెలిసి ఉండాలి. మంచి ఎంపిక చేసుకోవాలంటే నోరు తెరిచి, సరైన మాట గుర్తుంచుకుని, నలుగురిలో ప్రత్యేకంగా అడగాలి. చెడు ఎంపికకు ఏమీ చెయ్యక్కర్లేదు. ప్రవర్తనా శాస్త్రంలో ‘డిఫాల్ట్’ బలం గురించి ఎన్ని పుస్తకాలు చదివినా ఈ టీ గ్లాసు చెప్పినంత స్పష్టంగా చెప్పవు.

ప్రభుత్వం తీపి మీద చాలా చేసింది. 2013 అక్టోబరు దాకా అదే ప్రభుత్వం చక్కెరకు సబ్సిడీ ఇచ్చింది. తర్వాత 2019 జూలై 1 నుంచి తియ్యటి పానీయాల మీద లీటరుకు 40 సెన్ల (రింగిట్‌కు వంద సెన్లు) పన్ను వేసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అనిపిస్తుంది గానీ, కాలు కడగడం మొదలుపెట్టినందుకు మెచ్చుకోవాలి. నూరు మిల్లీలీటర్లకు 5 గ్రాముల చక్కెర దాటితేనే పన్ను అన్న గీత తెలివైనది. కొనేవాడి మనసు మారేదాకా ఆగకుండా తయారుచేసేవాడే చక్కెర తగ్గించుకునేలా చేసింది. చాలా కంపెనీలు తమ పానీయాలను ఆ గీత కిందికి దించుకున్నాయి. పన్నును 2024లో 50 సెన్లకు పెంచారు. 2025 నుంచి విడతలుగా 90 సెన్ల దాకా తీసుకుపోతామన్నారు. 2024లో ‘పెరాంగి గుల’, అంటే చక్కెర మీద యుద్ధం, పేరుతో ఆరోగ్య శాఖ పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. భోజనపు పళ్ళెంలో పావు అన్నం, పావు మాంసకృత్తులు, సగం కూరలూ పళ్ళూ అని చెప్పే ‘సుకు సుకు సెపారుహ్’ నినాదం గుర్తుపెట్టుకోవడానికి తేలికగా ఉండి బాగా జనంలోకి వెళ్ళింది.

కానీ పన్ను సీసాలకూ డబ్బాలకూ మాత్రమే. మమక్‌లో అప్పటికప్పుడు కలిపే టీకి లేదు. పక్కనే ఉన్న సింగపూర్ పానీయాల మీద చక్కెర స్థాయిని ఏ, బీ, సీ, డీ అని చూపే లేబుళ్ళను 2022 డిసెంబరులో ప్యాకెట్లకు పెట్టి, ఏడాది తిరిగేసరికి అప్పటికప్పుడు కలిపి అమ్మే పానీయాలకూ విస్తరించింది. మలేషియాలో లక్షల గ్లాసులు పోసే ఆ బల్ల దగ్గర మాత్రం భారమంతా తాగేవాడి నోటి మీదే ఉంది. నా ఉద్దేశంలో ఇది మొత్తం తీపి విధానంలోకెల్లా పెద్ద ఖాళీ. ఏమీ అడగకపోతే తక్కువ తీపి టీ వచ్చి, ఎక్కువ కావాలన్నవాడు ‘మానిస్’ అని అడిగేలా ఏర్పాటు తిరగెయ్యాలి. ఎవరి స్వేచ్ఛా పోదు. దీన్ని కొన్ని పట్టణాల్లో పద్ధతిగా ప్రయోగించి, ఎంతమంది తిరిగి ఎక్కువ తీపి అడిగారో, హోటలు వ్యాపారం తగ్గిందో లేదో లెక్క తియ్యవచ్చు.

పొగాకు కథ ఇంకో పాఠం. 2004లో ‘తక్ నక్’, అంటే ‘వద్దు’, అనే ప్రచారం భారీ ఖర్చుతో మొదలైంది. 2009లో ప్యాకెట్ల మీద భయపెట్టే బొమ్మలు వచ్చాయి. 2015 నవంబరులో సుంకం ఒక్కసారిగా పెంచారు. దాంతోపాటే దొంగచాటు సిగరెట్ల అమ్మకం పెచ్చరిల్లింది. 2019 జనవరి 1 నుంచి హోటళ్ళలో పొగతాగడం నిషేధించారు. రోడ్డు పక్క బల్లల దగ్గర కూడా మూడు మీటర్ల దూరం పాటించాలి. భోంచేసి సిగరెట్ వెలిగించడం అన్న జంట అలవాటును ఇది విడదీసింది. పొగతాగేవాళ్ళు 2015లో 22.8 శాతం, 2019లో 21.3, 2023లో 19. తగ్గుదలే, కానీ మెల్లగా. 2007లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళకు ఎప్పటికీ సిగరెట్లు అమ్మకూడదన్న సాహసమైన ప్రతిపాదన 2022లో పార్లమెంటుకు వచ్చింది. పుట్టిన ఏడాదిని బట్టి పౌరులను వేరుగా చూడడం రాజ్యాంగంలోని సమానత్వ సూత్రానికి విరుద్ధం కావచ్చన్న అటార్నీ జనరల్ అభిప్రాయంతో 2023లో ఆ భాగాన్ని తీసేసి చట్టం చేశారు. 2024 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన ఆ చట్టంలో దుకాణాల్లో ప్యాకెట్లు కంటికి కనిపించేలా పెట్టకూడదన్న నిబంధన ఉంది. అది మంచిదే. అయితే మధ్యలో జరిగినదాన్ని క్షమించడం కష్టం. 2023 మార్చి చివర్లో వేపింగ్ ద్రవాల్లోని నికోటిన్‌ను విషపదార్థాల జాబితా నుంచి తొలగించారు, పన్ను వెయ్యడానికి. కొత్త చట్టం అమల్లోకి వచ్చేదాకా, ఏడాదిన్నర పాటు, పిల్లలకు అమ్మకుండా ఆపే చట్టం ఏదీ లేదు. అప్పటికే 2022 సర్వేలో కౌమారంలో ఉన్న పిల్లల్లో వేపింగ్ 14.9 శాతానికి చేరిందని తెలుసు. ఒక పక్క పిల్లలకు బళ్ళో హితబోధ, ఇంకో పక్క అంగట్లో అడ్డులేని నికోటిన్. ఇలాంటిచోట ఏ నడ్జ్ ఏం చేస్తుంది?

మాదక ద్రవ్యాల విషయంలో మలేషియా ఇంతకంటే ధైర్యంగా నడిచింది. 2002లో కొత్త హెచ్ఐవీ కేసులు దాదాపు ఏడు వేలు, అత్యధికం సూదులతో మత్తు ఎక్కించుకునేవాళ్ళవి. కఠిన శిక్షలున్న దేశమే 2005లో మత్తుమందుకు బదులుగా మందు ఇచ్చే మెథడోన్ చికిత్స, మరుసటి ఏడు సూదుల మార్పిడి మొదలుపెట్టింది. కౌలాలంపూర్‌లో ఒక మసీదు ఆవరణలో కూడా మెథడోన్ ఇచ్చారు. ఇప్పుడు కొత్త హెచ్ఐవీ కేసుల్లో సూదుల వాటా కొద్ది శాతమే. శిక్షతో దాక్కున్న మనిషి, దగ్గరికి తీస్తే క్లినిక్‌కి వచ్చాడు.

ఇన్ని చెప్పాక ఈ శాస్త్రం మీద ఉన్న అనుమానాలను పక్కన పెట్టకూడదు. 2022లో స్టెఫానో డెల్లావిన్యా, ఎలిజబెత్ లినోస్ అమెరికాలోని రెండు నడ్జ్ విభాగాలు చేసిన 126 ప్రయోగాలను, రెండు కోట్ల ముప్పై లక్షల మందికి సంబంధించినవి, తిరగేశారు. పరిశోధన పత్రికల్లో అచ్చయిన నడ్జ్‌ల ప్రభావం సగటున 8.7 శాతం పాయింట్లు ఉంటే, ప్రభుత్వ విభాగాలు నిజంగా చేసినవాటిలో అది 1.4 మాత్రమే. బాగా పనిచేసినవే అచ్చుకెక్కుతాయి, పని చెయ్యనివి సొరుగుల్లో ఉండిపోతాయి. అదే ఏడు నిక్ చేటర్, జార్జ్ లోవెన్‌స్టీన్ ఇంకా ఘాటైన మాట అన్నారు. వ్యక్తి అలవాట్ల మీద దృష్టి పెట్టించి, వ్యవస్థను మార్చే పన్నులూ చట్టాలూ రాకుండా చెయ్యడం కంపెనీలకు అనుకూలమని, ప్రవర్తనా శాస్త్రవేత్తలు తెలియకుండానే అందుకు సాయపడ్డారని. వాళ్ళిద్దరూ ఆ రంగంలో పేరున్నవాళ్ళు. కాబట్టి ఇది బయటివాళ్ళ ఈర్ష్య అని కొట్టెయ్యలేం. మలేషియా అనుభవం వాళ్ళ మాటను చాలావరకు బలపరుస్తుందని నేననుకుంటున్నాను. చక్కెర గీత, బడిలో టీకా, మెథడోన్, హోటళ్ళలో పొగ నిషేధం, వీటిలో దేనిలోనూ ఒక్కో మనిషిని బతిమాలలేదు. ‘రోజ్’ కూడా పరీక్ష విధానాన్నే మార్చింది.

మనిషిని బతిమాలడం కన్నా పరిస్థితిని మార్చాలన్న ఈ సంగతి మలేషియాకు వెళ్ళిన మనవాళ్ళకు చాలా ముందే తెలుసు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి, చిత్తూరు వైపు నుంచి, కూలీలను పోగుచేసే కంగాణీల వెంట సముద్రం దాటి రబ్బరు, కొబ్బరి తోటల్లో పనికి కుదిరిన తెలుగు కుటుంబాలు పేరాక్‌లోని బాగన్ దాతో చుట్టుపక్కల, కెడాలోని లూనాస్‌లో, ఇంకా చాలా తోటల్లో స్థిరపడ్డాయి. ఆ తోటల్లో మొదట్లో మలేరియా మనుషులను ఊడ్చేసింది. 1901లో క్లాంగ్ జిల్లాకు వచ్చిన వైద్యుడు మాల్కం వాట్సన్ కూలీలకు ఉపన్యాసాలు ఇవ్వలేదు. బురద నేలల్లో కాలువలు తవ్వించాడు, నీళ్ళ మీద నూనె చల్లించాడు. మలేరియా తగ్గింది.

కల్లు సంగతి దీనికి తలకిందులు. తోటల్లోనే కల్లు దుకాణాలుండేవి. వాటి మీద ప్రభుత్వానికి రాబడి ఉండేది. రోజంతా ఒళ్ళు హూనమయ్యేలా పనిచేసినవాడికి, ఊరికి దూరంగా, వేరే వినోదం లేనిచోట, కూలి డబ్బు చేతిలో పడగానే దగ్గర్లో కనపడేది ఆ దుకాణమే. దొరలేమో కూలీలకు తాగుడు జబ్బని రాసుకున్నారు. 1941లో క్లాంగ్ ప్రాంతపు తోటల్లో ఆర్. హెచ్. నాథన్ నాయకత్వాన కూలీలు సమ్మెకు దిగినప్పుడు కూలి పెంచాలి, బడి కావాలి, సరైన వైద్యం కావాలి, దొరల ముందు సైకిల్ ఎక్కి వెళ్ళే హక్కు కావాలి అన్న కోర్కెలతోపాటు కల్లు దుకాణాలు మూసెయ్యాలన్నది కూడా పెట్టారు. తమ బలహీనత తమకు తెలుసు. దానికి మందు నీతిబోధ అనుకోలేదు, దుకాణాన్ని కళ్ళ ముందు నుంచి తీసెయ్యమన్నారు. నాథన్‌ను అరెస్టు చేసి దేశం నుంచి పంపేశారు. సమ్మెను సైన్యంతో అణిచేశారు. యాభై ఏళ్ళ తర్వాత, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం ముందు నిలబడి అడిగింది అదే. 1993 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. తర్వాత వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997 దాటి నిలబడలేదన్నది వేరే చర్చ. చదువురాని కూలీలు, అప్పుడప్పుడే అక్షరాలు నేర్చిన ఆడవాళ్ళు సమస్యను పట్టుకున్న తీరులో మిచీ చట్రంలోని ‘అవకాశం’ అన్న మాటకు కావలసినంత అర్థం ఉంది.

ఇప్పుడు ఆ తోట కూలీల మనుమలు, మునిమనుమల ఒంట్లో ఉన్నది తీపి జబ్బు. 2019 సర్వేలో మలేషియా భారతీయుల్లో మధుమేహం 31.4 శాతం, ఏ జాతి సమూహంలోనూ లేనంత. తెలుగువాళ్ళను ఆ లెక్కల్లో విడిగా చూపరు, భారతీయుల్లోనే కలిపేస్తారు. దక్షిణాసియా శరీరాలకు తక్కువ బరువులోనే చక్కెర జబ్బు వచ్చే గుణం ఉందన్నది నిజం. అంతకుమించి తోటలు ముక్కలై, అమ్ముడుపోయి, ఇళ్ళ స్థలాలుగా మారినప్పుడు ఈ కుటుంబాలు పట్టణాల అంచున చవక ఫ్లాట్లకు చేరాయి. తరతరాలుగా ఒంటి కష్టం మీద బతికినవాళ్ళు కాపలా ఉద్యోగాలకూ లారీ డ్రైవింగుకూ ఫ్యాక్టరీ షిఫ్టులకూ మళ్ళారు. అన్నం తినే పరిమాణం మారలేదు, చెమట మారింది. నడవడానికి చోటు లేని ఫ్లాట్ల మధ్య ‘రోజూ నడవండి’ అన్న బోర్డు ఎవరి కోసం?

2019 సర్వేలో 18.3 శాతంలో తమకు మధుమేహం ఉందని ముందే తెలిసినవాళ్ళు 9.4 శాతం. మిగతా 8.9 శాతానికి సర్వేవాళ్ళు రక్తం చూసేదాకా తెలియదు. జబ్బు తెలిసినవాళ్ళలో కూడా ప్రభుత్వ క్లినిక్‌ల రిజిస్ట్రీ లెక్కల ప్రకారం చక్కెర అదుపులో ఉన్నది సుమారు మూడింట ఒకరికే. అంటే పనిచెయ్యవలసిన చోట్లు రెండు స్పష్టంగా కనిపిస్తున్నాయి: తెలియనివాళ్ళకు తెలియజెయ్యడం, తెలిసినవాళ్ళను చికిత్సలో నిలపడం. మొదటిదానికి ‘రోజ్’ చూపిన దారి ఉంది. పరీక్ష మనిషి దగ్గరికి పోవాలి. 1955లో ఆంధ్ర సంఘంగా పుట్టిన మలేషియా తెలుగు సంఘానికి దేశమంతటా శాఖలున్నాయి. ఉగాదికీ సంక్రాంతికీ జనం చేరతారు. అక్కడ వేలి చివర చుక్క రక్తం తీసి చూడడానికి కొద్ది నిమిషాలు చాలు. ఎక్కువ ఉన్నట్టు తేలితే, దగ్గర్లోని క్లినిక్‌లో తేదీ, గంట అక్కడికక్కడే రాసి ఫోన్‌కి పంపాలి. షిఫ్టు పనివాళ్ళకు సాయంత్రం వేళ ఇవ్వాలి. రాకపోతే ఎవరు ఫోన్ చెయ్యాలో, ఏ భాషలో మాట్లాడాలో ముందే తేల్చుకోవాలి. సంఘం భోజనాల్లో అన్నం పావు పళ్ళెంతో మొదలై, కావాలన్నవాళ్ళకు మళ్ళీ వడ్డించేలా చూడవచ్చు. టీ తీపి లేకుండా పోసి చక్కెర బల్ల మీద విడిగా పెట్టవచ్చు. కొన్ని శాఖల్లో ఇలా చేసి, కొన్నిటిలో మామూలుగా ఉంచి, ఏడాది తర్వాత రెండుచోట్లా ఎంతమంది చికిత్సలో నిలిచారో, ఎంతమంది చక్కెర దిగిందో ఆరోగ్య శాఖ పరిశోధకులు కొలవాలి. ఫలితం బాగున్నా, బాగోలేకపోయినా అచ్చువెయ్యాలి.